పదకొండు మార్కులు

హెర్న్‌డన్, వర్జీనియా
ఫిబ్రవరి 28, 2010

నా వసంతకి,

ఈ నెలలో ఇక్కడ పడినంత మంచు నేనీ దేశానికి వచ్చిన పదహారేళ్లలో పడలేదు. రెండు శనివారాలు కాలేజీ మూసేశారు. మూసినందుకు లోలోపల సంతోషించాను. ఇన్నేళ్లు పాఠాలు చెప్పినదాన్ని, క్లాసు లేదంటే సంతోషపడటం ఇదే మొదలు. ఆ సంగతి నీకు రాద్దామనే కూర్చున్నాను. ఫోన్‌లో చెప్పొచ్చు గానీ పక్కగదిలో రవి ఉంటాడు. కట్టుకున్నవాడే అయినా తనకి ఇవేవీ చెప్పలేదు. అయినా మనిద్దరికీ అనంతపురం రోజులనుంచీ ముఖ్యమైనవి కాగితం మీదే చెప్పుకోవడం అలవాటు కదా.

ఇక్కడ కమ్యూనిటీ కాలేజీలో నేను స్టాటిస్టిక్స్ చెప్తున్నానని నీకు తెలుసు. శనివారం ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు దాకా క్లాసు. వచ్చేది పిల్లలు కాదు, అందరూ పెద్దవాళ్లు. ఉద్యోగం పోయి కొత్త చదువు కోసం వచ్చినవాళ్లు, పిల్లల్ని పెంచి పెద్దచేసి ఇప్పుడు తమకోసం చదువుకుంటున్న ఆడవాళ్లు, సైన్యంలోంచి బయటికొచ్చినవాళ్లు. మొత్తం ముప్ఫై ఒక్కమంది. అనంతపురంలో మనం పాఠాలు చెప్పిన కాలేజీలో ఆడపిల్లలు మార్కులు చూసుకుని మెట్ల కింద చేరి ఏడ్చేవారే గానీ మన ముందుకొచ్చి నోరు తెరిచేవారు కాదు. వీళ్లు అలా కాదు. "పన్నెండు గంటల షిఫ్టు చేసొచ్చి చదివాను ప్రొఫెసర్, ఈ రెండు మార్కులు ఎక్కడ పోయాయో చెప్పండి" అని నిలబడి అడుగుతారు. "మీరు మా దగ్గర ఏం ఆశిస్తున్నారో ముందే ఎందుకు చెప్పలేదు?" అంటారు. పేపర్లిచ్చిన రోజు నా టేబుల్ చుట్టూ రేషన్ షాపు దగ్గరలా మూగుతారు.

అందుకే నాలుగేళ్ల కిందట ఒక పద్ధతి పెట్టాను. పేపరు చేతికొచ్చిన రోజు ఎవరూ మాట్లాడకూడదు. ఒక రోజు ఆగి, ఏ ప్రశ్న, ఎందుకు అన్యాయం అనుకుంటున్నారు అన్నది రాసి, తేదీ వేసి ఇవ్వాలి. సగం కోపం ఆ ఒక్కరోజులోనే దిగిపోయేది. సెమిస్టర్‌కి మహా అయితే మూడు కాగితాలు వచ్చేవి. ఈసారి ఐదు వారాలు నిండకముందే పద్నాలుగు వచ్చాయి.

గ్లెండా అని యాభై రెండేళ్ల ఆవిడ. ఇళ్ల లోన్ల ఆఫీసులో ఇరవై ఏళ్లు చేసింది, అది మూతపడితే ఇటొచ్చింది. నిన్న క్లాసు మధ్యలో లేచింది.

"ప్రొఫెసర్, గ్రాఫ్ గీయక్కర్లేదని మీరే చెప్పారు. ఇప్పుడు గ్రాఫ్ లేదని ఐదు మార్కులు తీసేశారు."

"నేను అలా అనలేదు" అన్నాను.

"అన్నారు. రెండుసార్లు అన్నారు."

ఎవరూ వినలేదంటారన్న ధైర్యంతో క్లాసు వైపు తిరిగి, "ఇంకెవరైనా విన్నారా?" అని అడిగాను. ఒక చెయ్యి లేచింది. తర్వాత ఇంకొకటి. అలా ఒకదాని వెనక ఒకటి, నెమ్మదిగా, ఇరవై దాకా లేచాయి. ఎవరి ముఖంలోనూ కోపం లేదు వసంతా. కోపం ఉంటే నాకు బాగుండేది. అందరూ నన్ను జాలిగా చూస్తున్నారు.

పైకి మాత్రం గట్టిగానే ఉన్నాను. గ్రాఫ్ మార్కులు ఇవ్వనన్నాను. అందరూ కూడబలుక్కున్నారని ఇంటికొచ్చి నాకు నేనే చెప్పుకున్నాను. మా డిపార్ట్‌మెంట్ పెద్ద హాలిస్ మంచివాడే, కానీ అతను కూడా పిలిచి, "వసూ, ఒకే జవాబుకి ఒకరికి తొమ్మిది, ఒకరికి ఆరు వేశావట. కాస్త చూసుకో" అన్నాడు. చూశాను. రెండూ నా చేత్తో వేసినవే. ఎందుకలా వేశానో గుర్తులేదు. ఆరు వేసినవాడి రాత బాగాలేదని ఏదో సర్దిచెప్పాను.

ఇంకో చిన్న విషయం. క్లాసులో ఉన్నట్టుండి తడిసిన సుద్దముక్క వాసన వస్తోంది. మన స్టాఫ్‌రూమ్‌లో వానాకాలం వచ్చే వాసన. ఇక్కడ సుద్దముక్కలే ఉండవు, తెల్లబోర్డు మీద మార్కర్లతో రాస్తాం. వాసన వచ్చిన మరుక్షణం, ఈ క్లాసు, ఈ మనుషులు, ఈ మాట, అన్నీ ఇదివరకే ఒకసారి జరిగిపోయినట్టు ఉంటుంది. తర్వాత ఒళ్లు చల్లబడుతుంది. నిద్ర సరిపోక అనుకుంటాను.

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? రాయి.

నీ
వసుమతి

*

హెర్న్‌డన్
ఏప్రిల్ 11, 2010

వసంతా, నా తల్లీ,

ఈ ఉత్తరం చదివాక చింపెయ్. ఎవరికీ చెప్పకు. రవికి ఇంకా చెప్పలేదు.

మూడు వారాల కిందట గ్లెండా నాకోసం క్లాసయ్యేదాకా ఆగింది. చేతిలో తన పేపరు. "ఇది ఫిర్యాదు కాదు ప్రొఫెసర్. మీరు ఇక్కడేదో రాశారు. నాకు చదవడం రాలేదు. మీ భాషా?" అని పేపరు నా ముందు పెట్టింది. రెండో పేజీ అంచున, నా ఎర్రసిరాతో, నా దస్తూరీలో, తెలుగులో ఉంది: "కిటికీ మూయండి. ఆ పిల్ల తడుస్తోంది."

ఆ మాట రాసినట్టు నాకు గుర్తులేదు. ఆ పేపరు దిద్దినట్టే గుర్తులేదు. గ్లెండా నా ముఖంలోకి చూస్తోంది. "బాగా రాశావని రాశాను" అన్నాను. ఆవిడకి నవ్వొచ్చింది. "మరి అరవై రెండు వేశారేం?" అంది. నేను కూడా నవ్వాను. ఆవిడ వెళ్లాక తలుపు గడియ వేసుకుని ఆ రెండు ముక్కలూ మళ్లీ చదివాను. అక్షరాలు వంకరపోలేదు. తొందరలో రాసినట్టు లేదు. నింపాదిగా, పొల్లు కూడా పోకుండా రాశాను.

ఆ పిల్లెవరో నీకు తెలుసు. మనం ఇరవై నాలుగేళ్లుగా ఆ పేరు ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తుతున్నాను. గౌరి.

అప్పట్లో మన కాలేజీకి కొత్తగా స్వయంప్రతిపత్తి వచ్చి పేపర్లు మనమే దిద్దేవాళ్లం. ధర్మవరం నుంచి రోజూ రైల్లో వచ్చే పిల్ల. లెక్కల్లో ఇరవై నాలుగు వచ్చాయి, ముప్ఫై అయిదుకి పాసు. "మేడమ్, నేను బాగా రాశాను, ఒక్కసారి మళ్లీ చూడండి" అని స్టాఫ్‌రూమ్ కిటికీ దగ్గర నిలబడింది. లోపలికి రమ్మని నేను అనలేదు. వాన మొదలైంది. జల్లు నా పేపర్ల మీద పడుతోందని అటెండర్‌ని పిలిచి కిటికీ మూయమన్నాను. నువ్వు ఎదుటి బల్ల దగ్గరే ఉన్నావు. "ఆ పిల్ల తడుస్తోంది వసూ" అన్నావు. "తడవనీ, అడిగినవాళ్లందరికీ మళ్లీ దిద్దుతూ కూర్చోనా?" అన్నాను. ఆ నెలలోనే ఆ పిల్ల విషజ్వరంతో పోయింది. తర్వాత రెండు నెలలకి ఇంకెవరిదో తిరిగి లెక్కించమంటే కట్ట విప్పారు. గౌరికి మార్కులు కూడటంలో పదకొండు తప్పిపోయాయి. ఇరవై నాలుగు కాదు, సరిగ్గా ముప్ఫై అయిదు. పాసైంది. పోయిన పిల్లకి మార్కులెందుకని ప్రిన్సిపాల్ ఆ కట్ట మళ్లీ కట్టేయించాడు. ఆ కూడిక నేనే చేశాను. ఆ బల్ల మీద వంగి అంకెలు కూడుతున్న నా చెయ్యి నాకిప్పటికీ కనిపిస్తుంది.

ఇది పాత బాధే. దీనితో బతకడం నేర్చుకున్నాను. కానీ నిన్న జరిగింది విను.

క్లాసులో వీరభద్రం అని ఒకాయన ఉన్నాడు. యాభై ఎనిమిదేళ్లు. మహబూబ్‌నగర్‌లో ఆర్టీసీ డిపోలో గుమాస్తాగా చేసి, కూతురి దగ్గరికొచ్చి ఇక్కడే మందుల షాపులో పనిచేస్తూ చదువుకుంటున్నాడు. నన్ను తెలుగులో పలకరించేది ఆయనొక్కడే. ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ రాయలేదు. నిన్న క్లాసయ్యాక వచ్చి, రెండు చేతుల్తో పేపరు పట్టుకుని నిలబడ్డాడు.

"మేడమ్, తప్పుగ అనుకోకుండ్రి. నాకు మార్కులు ఎక్కువ పడ్డయి."

ముప్ఫై ఏళ్లలో ఇలాంటి ఫిర్యాదు వినలేదు. నవ్వుతూనే తీసుకున్నాను.

"నాలుగో ప్రశ్న నేను రాయనే రాయలే. పేజీ ఖాళీగ ఇడిసిన. గది పది మార్కుల ప్రశ్న. మీరేమో పదకొండు ఏసిండ్రు."

ఖాళీ పేజీ మధ్యలో, ఎర్రసిరాతో, చుట్టూ సున్నా చుట్టి, 11.

పేపరు టేబుల్ మీద పెట్టేశాను. ఆయన చూశాడు. గొంతు తగ్గించి, "ఇంకో మాట చెప్పాల్నని చానా దినాలసంది అనుకుంటున్న. మీరు పాఠం చెప్తుంటె నడుమ ఆగిపోతున్నరు మేడమ్. ఒక నిమిషం, రెండు నిమిషాలు. కండ్లు తెరిచే ఉంటయి. మీరు మాత్రం ఆడ ఉండరు. మల్ల ఏం జరగనట్టు మొదలువెడ్తరు. క్లాసంత చూస్తది, ఎవలు అనరు. మా తమ్మునికి గిట్లనే అయితుండె" అన్నాడు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "మార్కుల గురించి వచ్చారా, నా గురించి మాట్లాడటానికి వచ్చారా?" అన్నాను. ఆయన తల వంచుకుని, "తప్పయింది మేడమ్" అని వెళ్లిపోయాడు. నేను టేబుల్ మీద పేపర్లు సర్దుకుంటున్నాను. కిటికీ మూయండి. ఆ పిల్ల తడుస్తోంది. కిటికీ మూయండి. ఆ పిల్ల తడుస్తోంది. కిటికీ మూయండి. పేపర్లు సర్దుకుని కారు దగ్గరికి వచ్చాను. ఎండ కాస్తోంది. స్టీరింగ్ పట్టుకున్నట్టు గుర్తుంది. తర్వాత చూస్తే, మూతపడిన ఓ ఫర్నిచర్ షాపు ముందు ఖాళీ పార్కింగ్‌లో ఉన్నాను. ఇంజన్ ఆన్‌లోనే ఉంది. కాలేజీ నుంచి ఇంటికి ఆ దారి కాదు. నేనెప్పుడూ వెళ్లని దారి.

ఇవాళ ఉదయం రవి గుడికి వెళ్లాక, నా దగ్గరున్న పేపర్లన్నీ నేల మీద పరిచాను. ఇంకో ఐదింట్లో దొరికింది. జవాబు రాయకుండా వదిలేసిన చోటల్లా పదకొండు. కొన్నిచోట్ల పెద్దగా, కొన్నిచోట్ల చీమంత. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు, ఎక్కువొచ్చిన మార్కుల మీద ఎవరు చేస్తారు?

నేను దయ్యాలు నమ్మేదాన్ని కాదు. నాకు తెలుసు, నీకు తెలుసు. కానీ నా చెయ్యి నాకు తెలియకుండా ఆ పిల్ల మార్కులు ఆ పిల్లకి ఇచ్చేస్తోంది వసంతా. ఇరవై నాలుగేళ్లకి కిటికీ దగ్గరికి మళ్లీ వచ్చింది. ఈసారి లోపలికే వచ్చింది.

నిర్ణయం తీసుకున్నాను. ఈ శనివారం హాలిస్‌కి రాజీనామా ఇస్తాను. ఒంట్లో బాగాలేదంటాను. ఆ ముప్ఫై ఒక్కమందికీ వేరే టీచర్ దొరుకుతారు. ఇక ఎవరి పేపరూ నేను ముట్టుకోను.

నీ
వసు

*

అనంతపురం
ఏప్రిల్ 21, 2010

వసూ,

నీ ఉత్తరం ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. చదివి చింపెయ్యమన్నావు. చింపలేదు. చదివిన గంటకి రవికి ఫోన్ చేశాను. నిన్ను రేపే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లమన్నాను, కారు తాళాలు నీకివ్వద్దన్నాను. ఈ కాగితం నీ చేతికొచ్చేసరికి నా మీద మండిపడుతుంటావు. మండిపడు. కొరియర్‌లో పంపిస్తున్నాను, వారంలో అందుతుందన్నారు. ఫోన్‌లో చెప్పలేని సంగతులు రెండున్నాయి.

మొదటిది. నీ ఉత్తరంలో వీరభద్రం గారు వెళ్లిపోయాక నువ్వు పేపర్లు సర్దుకుంటున్నానని రాసినచోట ఏముందో నీకు తెలుసా? "కిటికీ మూయండి" అని మూడుసార్లు, "ఆ పిల్ల తడుస్తోంది" అని రెండుసార్లు ఉంది. ఎవరో అన్నట్టు కాదు, నువ్వు గుర్తు చేసుకున్నట్టూ కాదు. ఉన్నట్టుండి మొదలై, ఉన్నట్టుండి ఆగి, తర్వాత నువ్వు కారు గురించి మామూలుగా రాసుకుంటూ పోయావు. ఆ అయిదు ముక్కల దగ్గర అక్షరాలు మిగతావాటికంటే పెద్దవి. పెన్ను నొక్కి నొక్కి కాగితం వెనక్కి దిగిపోయింది. నేను వేలితో తడిమి చూశాను. నాకు వెన్నులో చలి పుట్టింది. అయితే దయ్యాన్ని తల్చుకుని కాదు. మా మరిది కొడుక్కి ఇలాగే వచ్చేది. మాట్లాడుతూ ఆగిపోయేవాడు, చొక్కా గుండీలు విప్పి మళ్లీ పెట్టుకునేవాడు, ఏమీ గుర్తుండేది కాదు. అది ఫిట్స్‌లో ఒక రకమని డాక్టర్లు చెప్పారు. వీరభద్రం గారు నీకు అదే చెప్పబోయాడు. నువ్వు ఆయన నోరు మూయించావు.

నీ క్లాసులో ఇరవైమంది చెయ్యెత్తి నువ్వు అన్నావంటే, నువ్వు అన్నావు. వాళ్లు ఫిర్యాదు చేసింది మార్కుల గురించే కావచ్చు, కానీ వాళ్లు చూసింది నిన్ను. ఆ కాగితాలన్నీ తేదీల ప్రకారం పేర్చి డాక్టర్ ముందు పెట్టు.

రెండోది రాయడానికి నాకు టీ రెండుసార్లు చల్లారిపోయింది.

గౌరి పేపరున్న కట్ట కూడింది నువ్వు కాదు. నేను.

ఆ రోజు బాబుకి జ్వరమని కబురొస్తే నువ్వు మూడింటికే వెళ్లిపోయావు. మార్కులు వెయ్యడం అయిపోయింది, కూడటం మిగిలింది. మొత్తం వెయ్యాల్సిన ఖాళీ గడిలో సంతకం పెట్టి, "వసంతా, కాస్త కూడి పెట్టు" అని వెళ్లావు. అరవై పేపర్లు గబగబా కూడేశాను. ఒక పేజీ తిప్పలేదు. తప్పు బయటపడ్డ రోజు ప్రిన్సిపాల్ నీ సంతకం చూసి నిన్నే పిలిచాడు. నువ్వు గదిలోంచి తెల్లబోయిన ముఖంతో బయటికొచ్చి, "కూడింది నేనే వసంతా, ఎలా తప్పానో" అన్నావు. నాకు అప్పగించిన సంగతే నీకు గుర్తులేదు, సంతకం నీది మరి. నేను నోరు తెరవాల్సిన క్షణం అదే. ఆ ఏడాది నాది టెంపరరీ పోస్టు. మా ఆయనకి ఉద్యోగం లేదు. రేపు చెప్దాం అనుకున్నాను. ఆ రేపు రాలేదు. నువ్వు అమెరికా వెళ్లిపోయాక అసలు అవసరం లేదనుకున్నాను.

కూడుతున్న నీ చెయ్యి నీకు కనిపిస్తుందని రాశావు. కనిపించడానికి వీల్లేదు వసూ. ఆ చెయ్యి నాది. నువ్వు దాన్ని చూడను కూడా లేదు. లేని జ్ఞాపకం ఒకటి నీకు ఇరవై నాలుగేళ్లు కనిపిస్తూ ఉండటానికి నేను ఊరుకున్నాను.

నన్ను క్షమించమని అడగను. నువ్వు బతుకు. ముందు అది.

వసంతలక్ష్మి

*

హెర్న్‌డన్
జులై 18, 2010

వసంతా,

ఇది నాలుగు రోజులుగా రాస్తున్నాను. చెయ్యి తొందరగా అలసిపోతోంది. అక్షరాలు చూసి కంగారు పడకు, ప్రతి వాక్యం రాశాక రవి పక్కనుంచి చదువుతున్నాడు. దాచేదేమీ లేదిక.

ఎడమ చెవికి పైన, పుర్రె లోపల, నిమ్మకాయంత గడ్డ. క్యాన్సర్ కాదు. ఏళ్లుగా నెమ్మదిగా పెరుగుతూ మెదడుని ఒత్తిందట. మే పదమూడున తీశారు. సగం తల గొరిగారు, ఇప్పుడు వెంట్రుకలు వస్తున్నాయి, తెల్లగా.

మొదటిరోజు న్యూరాలజిస్ట్, "ఎప్పటినుంచి ఇలా ఉంది?" అని అడిగాడు. రవి ఫైలు తీసి బల్ల మీద పెట్టాడు. ఇరవై ఆరు ఫిర్యాదులు. ఆయన ఒక్కొక్కటే చదివాడు. "జనవరి 30, పది గంటల ఇరవై నిమిషాలకి ప్రొఫెసర్ సగం వాక్యంలో ఆగి, మార్కర్ మూత తీసి పెట్టి, తీసి పెట్టి, తర్వాత గ్రాఫ్ అక్కర్లేదన్నారు" అని ఎవరో రాశారు. నేను ఆ కాగితం అందుకున్న రోజు దాని మీద "నిరాధారం" అని రాసి సంతకం పెట్టాను. డాక్టర్ ఆ సంతకం చూసి, కాగితం మళ్లీ మొదటినుంచి చదివాడు. "మా దగ్గర శిక్షణలో ఉన్న డాక్టర్లు కూడా ఇంత శ్రద్ధగా రాయరు" అన్నాడు. వాసన, ఇదివరకే జరిగినట్టుండటం, మాయమైన నిమిషాలు, తెలియని దారి, అన్నిటికీ ఆయన దగ్గర పేర్లున్నాయి. అలవాటైన పని చెయ్యి చేసుకుపోతుంది, మనిషి ఉండదు, అన్నాడు. "మరి పదకొండే ఎందుకు?" అని అడిగాను. అది మా మెషీన్‌లో కనపడదండి, అన్నాడు. అది మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆపరేషన్‌కి ముందు శనివారం, మే 8న, రవి నన్ను క్లాసుకి తీసుకెళ్లాడు. నా రాజీనామా హాలిస్ తీసుకోలేదు, సెలవు రాసుకున్నాడు. ముప్ఫై ఒక్కమందికీ జరిగినదంతా చెప్పాను. పేపర్లన్నీ మళ్లీ దిద్దుతామని, నాతోపాటు ఇంకొకరు కూడా దిద్దుతారని చెప్పాను. క్షమించమన్నాను. గ్లెండా లేచింది.

"మేమింతమంది చెప్పినా మీరెందుకు నమ్మలేదు?"

సులువైన జవాబు ఉంది, జబ్బు. కానీ అది జబ్బు కాదు. "మీరు పెద్దవాళ్లు గనక. పెద్దవాళ్లు అడిగారంటే లాభం కోసమే అడుగుతారని అనుకున్నాను. ఎవరైనా మార్కులు అడగడానికొస్తే, వాళ్లు ఏం చెప్తున్నారో వినడం నేను చాలా ఏళ్ల కిందటే మానేశాను" అన్నాను. గ్లెండా కూర్చుంది. వెళ్లేటప్పుడు మాత్రం నా బ్యాగు తను పట్టుకుని కారుదాకా వచ్చింది.

జూన్‌లో హాలిస్, నేను కూర్చుని ప్రతి పేపరూ వేర్వేరుగా దిద్ది, మార్కులు సరిపోల్చుకున్నాం. పదిహేడుమందివి మారాయి. గ్లెండాకి సి పోయి బి వచ్చింది. కానీ వీరభద్రం గారిది దిగిపోయింది. నా పదకొండ్లు తీసేస్తే ఆయన మూడు మార్కులతో తప్పాడు. నాకు ప్రాణం పోసిన మనిషి. హాలిస్, "ఆయన పాత మార్కులే ఉంచెయ్యొచ్చు వసూ, ఎవరూ అడగరు" అన్నాడు. రెండు రోజులు అన్నం సహించలేదు. చివరికి ఉన్నవి ఉన్నట్టే వేసి పంపాను.

పోయిన ఆదివారం మధ్యాహ్నం ఆయన భార్యతో సహా ఇంటికొచ్చాడు. ఆవిడ చేసిన కారప్పూస డబ్బా తెచ్చింది. నా తల చూసి ఆవిడ కళ్లు తుడుచుకుంది. కాఫీలయ్యాక ఆయన సంచిలోంచి పేపరు తీశాడు.

"ఫిర్యాదు మేడమ్. రాసుకొచ్చిన, తేదీ కూడ ఏసిన. ఐదో ప్రశ్నల మూడు మార్కులు కోసిండ్రు. లెక్క అదే గద, ఆన్సర్ ఒక్కటే తప్పు. గవి మూడు వస్తే నేను పాస్."

రవి నా వైపు చూశాడు. నేను పేపరు తీసుకుని, ఆయన రాసిన ప్రతి అడుగూ వేలు పెట్టుకుని చదివాను. రెండోసారి చదివాను. పావుగంట పట్టి ఉంటుంది. అప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని చూపించాను. మొదటి అడుగులోనే వేరే సూత్రం వాడాడు, తర్వాతదంతా సరిగ్గా చేసినా అది ఈ ప్రశ్నకి జవాబు కాదు. మూడు పోవాల్సిందే.

ఆయన ఆ సూత్రం మీద వేలు పెట్టి చూశాడు. "అవు. గీడ్నే పోయింది" అన్నాడు. పేపరు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "సెప్టెంబర్ల మల్ల చేరుత. క్లాస్ మీరే చెప్తరా?"

"నేనే చెప్తాను" అన్నాను.

ఇక నీ సంగతి. ఆపరేషన్ ముందు నీ ఉత్తరం చదివినప్పుడు నాకు ఏమీ అనిపించలేదు, చావుబతుకుల మధ్య ఉన్నాను. ఆసుపత్రి నుంచి వచ్చిన పదోరోజు స్నానం చేస్తుండగా కోపం వచ్చింది. ఎంత కోపమంటే గోడ పట్టుకుని నిలబడ్డాను. ఇరవై నాలుగేళ్లు వసంతా. నా కొడుకు పుట్టినరోజులకి, కొత్త ఇంట్లో పాలు పొంగించిన రోజుకి, అన్నిటికీ ఆ పిల్ల వచ్చేది. నువ్వు ఒక్క ముక్క రాసి ఉంటే వచ్చేది కాదేమో. నిన్ను క్షమించానని రాయలేను. ఇంకా క్షమించలేదు.

తర్వాత ఇంకొకటి కూడా తెలిసింది. కూడిక నీదైతే కావచ్చు. కిటికీ నాదే. తప్పు కూడినదానికంటే, ఒక్కసారి చూడండి అన్న పిల్ల ముఖాన మూసినదే నన్ను పట్టుకుంది. అది గడ్డతోపాటు పోలేదు, పోకూడదు కూడా. వాసన మాత్రం పోయింది. కారులో కూర్చుంటే ఇప్పుడు ఉన్నచోటే ఉంటున్నాను.

తర్వాతి ఉత్తరంలో నువ్వు వాకబు చేసి రాసిన సంగతి పదిసార్లు చదివాను. గౌరి తమ్ముడు ఉమాకాంత్ ధర్మవరం కరెంటాఫీసులో ఉన్నాడనీ, వాళ్లమ్మ ఇంకా ఉందనీ, ఆవిడకి ఎనభై దాటాయనీ. గౌరి తప్పిందనే ఆ ఇంట్లో ఈనాటికీ అనుకుంటున్నారనీ. "పరీక్ష తప్పి, బెంగపెట్టుకుని, వానలో తడిసి జ్వరం తెచ్చుకుంది" అని వాళ్లమ్మ నీకు చెప్పిందనీ. నువ్వు నోట మాట రాక మంచినీళ్లు తాగి వచ్చేశావట. మళ్లీ చెప్పకుండానే వచ్చేశావు.

డిసెంబరు పన్నెండున బెంగళూరులో దిగుతున్నాను. డాక్టర్ ఒప్పుకున్నాడు, రవి తోడొస్తున్నాడు. మర్నాడు పొద్దున్నే రైల్లో ధర్మవరం వస్తాను. స్టేషన్‌కి రా. ఇద్దరం కలిసే ఆ ఇంటికి వెళ్దాం. ముందు నువ్వు మాట్లాడాలి, పదకొండు ఎక్కడ పోయాయో చెప్పాలి. తర్వాత నేను చెప్తాను. మీ అమ్మాయి పాసైందని ఆవిడకి వినపడేలా, పెద్దగా, నేనే చెప్తాను. ఆ తర్వాత ఆవిడ ఏమన్నా, ఎంతసేపన్నా, ఇద్దరం అక్కడే కూర్చుని విందాం.

రాకుండా ఉండకు.

వసుమతి